మా పిల్లల సర్టిఫికెట్లు ఇప్పించండి: తెలంగాణ ఆర్థిక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారం.

ఫీజు రీయింబర్స్‌మెంట్ గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. ఆ డబ్బు సర్కారు నుంచి రాలేదని కాలేజీ మా పిల్లల ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆపేసింది. ప్రజావాణిలో అర్జీలు పెట్టాం, పేషీకి కాగితాలు పంపాం. బిల్లు పైకి వెళ్లిందన్న మాట తప్ప జవాబు లేదు. అందుకే ఇలా అందరి ముందు రాస్తున్నాను.

మేం ములుగు జిల్లా కోయవాళ్లం. ఉన్న రెండెకరాల్లో మిర్చి వేస్తాం. మా పెద్దమ్మాయి వరంగల్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ పాసయింది. కన్వీనర్ కోటా సీటు. ఫీజు ప్రభుత్వం కడుతుందనే చేర్పించాం. సర్కారు స్కాలర్‌షిప్ వెబ్‌సైట్ ఈపాస్‌లో ఏటా రెన్యువల్ చేయించింది, అడిగిన ప్రతి కాగితం ఇచ్చింది. శాంక్షన్ అయినట్టే చూపిస్తోంది. డబ్బు మాత్రం కాలేజీకి చేరలేదు.

కాలేజీ ఆఫీసులో క్లర్కు బీరువా తీసి ఆమె ఫైలు చూపించాడు. పైన పదో తరగతి మెమో, దాని కింద ఇంటర్ మెమో, టీసీ. "బాకీ మీరు కట్టి తీసుకెళ్లండి, సర్కారు డబ్బులు పడితే వాపసు ఇస్తాం" అని ఫైలు మళ్లీ లోపల పెట్టేశాడు. చేతికి జిరాక్స్ ఇచ్చాడు. జిరాక్స్ పట్టుకుపోతే నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ చేస్తారా అయ్యా? రిజిస్ట్రేషన్ లేకుండా స్టాఫ్ నర్సు పోస్టుకు ఎలా అప్లై చేస్తుంది? నర్సుగా చదివిన పిల్ల ఇప్పుడు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హెల్పర్ జీతానికి పనిచేస్తోంది. నోటిఫికేషన్ అన్న మాట వింటే చాలు, ఇంట్లో అందరికీ టెన్షన్.

అదే క్లాసులో మేనేజ్‌మెంట్ కోటా పిల్లలు ఎప్పుడో సర్టిఫికెట్లు తీసుకెళ్లిపోయారు. ఆఫీసు ముందు నిలబడింది మా ఎస్టీ, ఎస్సీ, బీసీ పిల్లలే. నాకు మింగుడు పడనిది ఇదే.

ఒరిజినల్స్ ఆపొద్దని యూనివర్సిటీలు, కాలేజీలకు నిబంధనలు పెట్టే యూజీసీ 2018లోనే చెప్పింది. కాలేజీవాళ్లను అడిగితే మా స్టాఫ్‌కు జీతాలెవరిస్తారంటారు. వాళ్ల ఇబ్బందీ నిజమే, 2025లో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ కూడా చేశాయి. కానీ మీరు వాళ్లకు పడ్డ బాకీకి నా బిడ్డ చదువు తాకట్టు పెట్టడం ఏం న్యాయం?

మహబూబాబాద్, భూపాలపల్లి, ములుగులో మెడికల్ కాలేజీలు వచ్చాయి, సంతోషం. ఏటూరునాగారం అడవి ఊళ్ల నుంచి కాన్పుకొచ్చే ఆడబిడ్డతో కోయ భాషలో మాట్లాడే నర్సు అక్కడ ఉండాలి కదా. మా అమ్మాయికి ఆ మాట వచ్చు, ఆ పనీ వచ్చు.

కోర్సు పూర్తయిన పిల్లల బకాయిలు ముందు విడుదల చేయండి. అవి పడేదాకా ఆపి పెట్టకుండా సర్టిఫికెట్లు ఇచ్చేయాలని కాలేజీలకు ఉత్తర్వు ఇప్పించండి. హాస్టల్ మెస్ డబ్బులూ ఆగిపోయాయి, అవి కూడా చూడండి. చేస్తామని కాదు, ఏ తేదీకి చేస్తారో చెప్పండి. సర్టిఫికెట్లు ఇప్పించండి అయ్యా.

ఇట్లు,
ఒక నర్సింగ్ విద్యార్థిని తండ్రి,
ములుగు జిల్లా