మా అరుగు సిద్ధంగా ఉంది, వర్క్‌షాప్ ఎప్పుడో చెప్పండి మంత్రి గారూ

వారసత్వ కట్టడాల వ్యవహారాలు చూసే గౌరవనీయులైన మంత్రి గారికి,

కోనసీమలోని ఒక పల్లె నుంచి, నడుమ ఆకాశం కనిపించే వాకిలి ఉన్న మండువా లోగిలి ఇంటి కోడలు నమస్కరించి రాస్తున్న ఉత్తరమిది. ఇప్పటికి మూడు అర్జీలు పెట్టాను. అవి మీ దాకా వచ్చాయో, మధ్యలో ఏ బీరువాలో ఆగిపోయాయో తెలియదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

పాత ఇళ్లున్నవాళ్లకు వాటిని బాగుచేసుకోవడం నేర్పే వర్క్‌షాపులు ఊళ్లలోనే పెడతామన్న మాట మీ శాఖ వారికి కొత్తగా గుర్తు చేయనక్కర్లేదు. రెండేళ్ల కిందట నవంబరులో, వారసత్వ వారోత్సవాల సభలో ఒక అధికారి మైకులో చెప్పిన మాట అది. నేను ఆ రోజు తెల్లవారుజామున ఐదింటి బస్సెక్కి, మా ఇంటి ఫొటోల ఆల్బమ్ ఒళ్లో పెట్టుకుని వెళ్లి మూడో వరసలో కూర్చున్నాను. జ్యోతి వెలిగించారు, శాలువాలు కప్పారు, కోటల మీద, బౌద్ధ స్తూపాల మీద స్లైడ్ షో వేశారు. అవి వినడం నాకూ ఇష్టమే. కానీ పిలిచింది ఇళ్లున్నవాళ్లని కదండీ! మా ప్రశ్నలకు మిగిలింది భోజనాల ముందు పది నిమిషాలు.

లేచి ఒకటే అడిగాను. దూలం చివర గోడలో ఉన్న భాగం పుచ్చిపోతే దూలం మొత్తం మార్చాలా, పుచ్చినంత మేర కోసి అతుకు వేయొచ్చా అని. వేదిక మీద ఆరుగురున్నారు. ఒక్కరూ చెప్పలేదు. "మంచి ప్రశ్నమ్మా, వేసవిలోగా మీ దగ్గరే వర్క్‌షాప్ పెడతాం, అక్కడ చూద్దాం" అన్నారు. సంతోషంతో మా చుట్టుపక్కల ఉన్న పదకొండు పాత ఇళ్ల వివరాలు, ఫోన్ నంబర్లతో సహా తెల్లకాగితం మీద రాసిచ్చి వచ్చాను.

వేసవి వచ్చింది, వెళ్లింది. ఫోన్ చేస్తే నిధులు రాలేదన్నారు. తర్వాత చేస్తే ఆ సారు ట్రాన్స్‌ఫర్ అయ్యారన్నారు. కొత్తగా వచ్చినాయనకు ఆ కాగితం సంగతే తెలియదు. మళ్లీ రాసిచ్చాను. మరుసటి నవంబరులో 19 నుంచి 25 వరకు వారోత్సవాలు మళ్లీ జరిగాయి, పిల్లలకు బొమ్మల పోటీ, క్విజ్, ర్యాలీ. ఏప్రిల్ 18న ప్రపంచ వారసత్వ దినం నాడు ఫొటో ఎగ్జిబిషన్. అందులో మా వీధి ఫొటో కూడా పెట్టారట. మా ఇళ్లు ఫొటోకి పనికొచ్చాయి. మమ్మల్ని మాత్రం ఎవరూ పిలవలేదు.

చివరికి సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ పెడితే పన్నెండో రోజున మెసేజ్ వచ్చింది. "మీ ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో లేనందున అర్జీ పరిష్కరించబడినది." నేను జాబితాలో చేర్చమనలేదు మంత్రి గారూ. డబ్బూ అడగలేదు. నేర్పమన్నాను, అంతే.

నేర్పకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాం.

మా ఇల్లు 1927లో కట్టింది. ఆ అంకె సింహద్వారం మీద చెక్కి ఉంది. రంగూన్ టేకు దూలాలు, స్తంభాలు, గుల్ల సున్నంతో కట్టిన రెండడుగుల మందం గోడలు. 1996 నవంబరు 6 రాత్రి తుపానుకు ఊళ్లో కొబ్బరి తోటలు నేలకొరిగాయి. మా పెంకులు సగం ఎగిరిపోయాయి కానీ, ఒక్క వాసం కదల్లేదు. ఊరి జనం చాలామంది ఆ రాత్రి మా చావడిలోనే తలదాచుకున్నారు. అంత గట్టి ఇంటిని పాడుచేసింది తుపాను కాదు, మేమే.

ఎనిమిదేళ్ల కిందట పడమటి గోడ అడుగున సున్నం పెచ్చులూడుతోందని మేస్త్రిని పిలిచాం. ఆయన మంచివాడే, ఆయనకు తెలిసింది సిమెంటు. పాత పూత చెక్కేసి సిమెంటు ప్లాస్టరింగ్ చేసి, పైన ఖరీదైన పెయింటు వేయించాడు. లక్షన్నర అయింది. మొదటి ఏడాది అద్దంలా ఉంది. మూడో వానాకాలానికి పెయింటు పొక్కుల్లా ఉబ్బింది. గోరుతో గిల్లితే లోపల నుంచి తెల్లటి ఉప్పు పొడి రాలింది. సున్నపు గోడ పీల్చుకున్న తడిని సున్నపు పూత మెల్లగా బయటికి వదిలేస్తుందని, సిమెంటు ఆ దారి మూసేస్తుందని, అప్పుడు తడి పైకి పాకుతుందని మాకెవరు చెప్పారు? పాకిన తడి దూలం చివరకు చేరింది. తడి వెనకాలే చెదలు వచ్చాయి.

పక్క ఊరి నుంచి డెబ్భై దాటిన ఒక వడ్రంగి తాత వచ్చి నిచ్చెనెక్కి, దూలం మీద ఉలి పిడితో కొట్టుకుంటూ పోయాడు. నడుమ భాగమంతా ఖణేల్‌మంది. గోడకు జానెడు దూరంలోకి రాగానే డొల్ల శబ్దం. ఆయన దిగి, "అమ్మా, జానెడు పోయింది. పదహారడుగులు బాగుంది" అన్నాడు. నేను సభలో అడిగిన ప్రశ్నకు ఆయన దగ్గర జవాబుంది. పుచ్చింది కోసేసి, పాత టేకుతోనే అతుకు ఎలా వేయాలో సుద్దముక్కతో నేల మీద గీసి చూపించాడు. కానీ చేతులు వణుకుతున్నాయి, తానిక ఆ పని చేయలేడు. ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు లేరు. కొడుకు హైదరాబాద్‌లో ప్లైవుడ్ పని చేస్తున్నాడు. ఈ తాతను గురువుగా కూర్చోబెట్టి, రోజుకు ఇంత అని గౌరవంగా ఇచ్చి నలుగురు కుర్రాళ్లకు నేర్పించమనే నా వేడుకోలు. ఆయనకు ఓపిక ఉండగానే ఆ పని జరగాలి.

మండువాలో నాలుగు వాలులూ లోపలికే దిగుతాయి కదా. రెండు వాలులు కలిసే మూల దగ్గర ఒక్క పెంకు జరిగినా నీరు తిన్నగా కలప మీదికే. మబ్బు పట్టిందంటే నాకు టెన్షన్. పగిలిన బెంగుళూరు పెంకుకు బదులు పెంకు కావాలంటే, ఎక్కడో ఇంకో పాత ఇల్లు కూల్చితేనే దొరుకుతుంది. ఆ పెంకులు కొనుక్కొచ్చుకున్న రోజు నాకు అన్నం సహించలేదు.

 

పాత కలప కొనేవాళ్లకు మాత్రం మా చిరునామాలన్నీ తెలుసు. నెలకోసారి ఎవరో ఒకరు వచ్చి స్తంభానికి ఇంత, ద్వారబంధానికి ఇంత అని లెక్క చెప్పి వెళ్తారు. రిసార్టులకట. పంపకాల్లో ఐదుగురు వాటాదార్లున్న ఇంట్లో, అమెరికాలో ఉన్న మరిదికి "ఇంకో పదేళ్లు నిలుస్తుంది, బాగుచేయించుకుందాం" అని నేను ఏ ధైర్యంతో చెప్పను? చెప్పడానికి నాకు ముందు తెలియాలి కదా. నేను రాసిచ్చిన పదకొండు ఇళ్లలో మూడు ఇప్పుడు లేవు. ఒకదాని సింహద్వారం లారీ ఎక్కుతుంటే ఆ ఇంటి పెద్దావిడ లోపలికి వెళ్లి తలుపు వేసుకుందామనుకుంది. వేసుకోవడానికి తలుపు లేదు.

ఇది అయ్యే పని కాదని మాత్రం అనకండి. ఎదుర్లంక వంతెన దాటితే యానాం. ఆ యానాం ఏ ప్రభుత్వం కింద ఉందో ఆ పుదుచ్చేరిలో, వారసత్వ కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ తోడ్పాటుతో, యూరోపియన్ యూనియన్ సాయంతో వైశ్యాల్ వీధిలోని పాత తమిళ ఇళ్ల ముఖభాగాలను వరసగా బాగుచేశారు. అరుగులతో, స్తంభాలతో మన ఇళ్లకు చుట్టాల్లా ఉంటాయి ఆ ఇళ్లు. జనం కాపురముంటున్న ఇళ్లవి, మ్యూజియంలు కావు. మా ఇళ్లూ అంతే. పొద్దున్న ముగ్గు పెట్టి సాయంత్రం దీపం పెట్టే ఇళ్లు.

ఏసీ హాలు వద్దు, బ్యాగులు, మెమెంటోలు వద్దు. రెండు రోజులు మా ఊరు రండి. సున్నం ఎలా నానబెట్టాలి, ఎన్నాళ్లు నానాలి, గానుగ ఆడించేదెలా, చెదలకు ఏ మందు కలపను పాడుచేయదు, కరెంటు వైరు పాత కలప మీద ఎలా తీయాలి, ఇవి తెలిసినవాళ్లను పంపండి. మా మేస్త్రిని కూడా కూర్చోబెడతాను. ఆయనే వస్తానన్నాడు, తను చేసిన గోడ చూసి ఆయనా బాధపడుతున్నాడు. వర్క్‌షాప్ పెట్టండి మంత్రి గారూ, మా ఎనిమిది ఇళ్లూ నిలబడి ఉండగానే పెట్టండి.

మా వీధి అరుగు మీద ముప్పై మంది కూర్చోవచ్చు. పాడైన గోడ, పుచ్చిన దూలం అక్కడే ఉన్నాయి, చూపించి నేర్పడానికి. రెండు రోజుల భోజనాలు మేమే పెడతాం. వానలు మొదలయ్యేలోగా ఏ తేదీ అయినా మాకు సమ్మతమే.

ఇట్లు,
కోనసీమ నుంచి
ఒక మండువా ఇంటి కోడలు