కిటికీ గట్టు మీది తెల్ల పొడి

ఎడిసన్, న్యూజెర్సీ,
ఆదివారం

చిట్టితల్లీ,

మీ పాత ఇంట్లో రెండు వాటాలూ అద్దెకివ్వడం గురించి నిన్న ఫోనులో నువ్వు రెండు మాటలన్నావు. శనివారం అల్లుడుగారు రంగు గీకే స్యాండర్ మిషను అద్దెకు తెచ్చి కిటికీలన్నీ గీకి, తనిఖీవాళ్లు వచ్చేలోపే రంగు వేసేస్తారని ఒకటి. పాత రంగులోని సీసంతో గొడవంతా చిన్నపిల్లలున్న వాళ్లకే కాబట్టి రెండు వాటాలూ పిల్లలు లేని జంటలకే ఇస్తే సరిపోతుందని రెండోది. అప్పుడు సరే సరే అన్నాను గాని రాత్రి నిద్ర పట్టలేదు. ఫోనులో చెబితే మధ్యలో అడ్డొస్తావని రాస్తున్నాను.

2000 చలికాలంలో, నీకు ఏడాదిన్నర వయసప్పుడు, జెర్సీ సిటీలో ఒక పాత ఇంటి పై వాటాలో ఉండేవాళ్లం. హాల్లో కిటికీ గట్టు సరిగ్గా నీ గడ్డం ఎత్తుకు వచ్చేది. మీ నాన్న వచ్చే దారి కనిపిస్తుందని సాయంత్రమయ్యేసరికి అక్కడ నిలబడేదానివి, గట్టుకు పళ్లు ఆనించి. ఆ చెక్క మీద నీ పైపళ్ల గాట్లు రెండు బియ్యపుగింజల్లా పడితే ముచ్చటపడి ఫోటో కూడా తీశాను. కిటికీ రెక్క ఎత్తి దించినప్పుడల్లా పాత రంగు రాసుకుని తెల్లటి పొడి రాలేది. తెనాలిలో గోడల సున్నం రాలడం చూస్తూ పెరిగినదాన్ని, నాకు అదేం వింత? మన ఊరి చీపురుతో రోజూ ఊడ్చేదాన్ని. అలా పొడిగా ఊడిస్తే సీసం ధూళి లేచి నువ్వు ఆడుకునే నేల మీదే మళ్లీ వాలుతుందని నాకు తెలియదు. తడిగుడ్డతో తుడవాలి. ఆ ముక్క చెప్పినవాళ్లు లేరు.

రెండో పుట్టినరోజుకు రక్తపరీక్ష చేస్తే 14 వచ్చింది. డెసిలీటరు రక్తానికి మైక్రోగ్రాముల లెక్క. అప్పట్లో 10 దాటితే ఆందోళన. ఆరోగ్యశాఖ ఆవిడ ఇంటికొచ్చి కాటుక వాడతారా, సింధూరం పెడతారా, పసుపు ఎక్కడ కొన్నారు అని అడిగితే నాకు ఒళ్లు మండింది. ఇల్లు రాలుతుంటే నా వంటింటి మీద పడతావేమని. తరవాత తెలిసింది, కొన్ని రకాల్లో సీసం నిజంగానే ఉంటుందని, ఆవిడ ప్రశ్న సబబేనని. మన ఇంట్లో మాత్రం దోషం కిటికీదే. నాలుగేళ్లు నిండేసరికి నీ లెక్క 6కు దిగింది. గుడికి వెళ్లి కొబ్బరికాయ కొట్టాను. 2021లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ ఆ ఆందోళన గీతను 3.5కు దించిందని చదివినప్పుడు ఆ కొబ్బరికాయ గుర్తొచ్చింది.

ఇంటాయన చెడ్డవాడు కాదు, క్రిస్మస్‌కు కేకు పంపేవాడు. లీజుతో పాటు ఒక కాగితం ఇచ్చాడు. 1978కి ముందు కట్టిన ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు అందులో సీసం గురించి తమకు తెలిసింది రాసివ్వాలి, ఒక చిన్న పుస్తకం చేతిలో పెట్టాలి. 1996 నుంచి దేశమంతటా ఉన్న నియమం అది. ఆయన 'నాకేమీ తెలియదు' అన్న గడిలో గుర్తు పెట్టాడు. అబద్ధమూ కాదు. పరీక్షే చేయించని మనిషికి ఏం తెలుస్తుంది? తెలిసింది చెప్పమంది ఆ చట్టం, తెలుసుకోమనలేదు. మేమూ చదవకుండానే సంతకం పెట్టాం.

న్యూజెర్సీలో ఆ కంతను 2022 జులైలో పూడ్చారు. ఇప్పుడు మీ ఇంటిలాంటివాటికి మూడేళ్లకోసారి గాని, అద్దెకున్నవాళ్లు మారినప్పుడు గాని తనిఖీ జరగాలి. సీసం ప్రమాదం లేదని తేలితే సర్టిఫికెట్ ఇస్తారు, అది రెండేళ్లు చెల్లుతుంది. కొన్ని ఊళ్లలో కంటితో చూసి వెళతారు. పిల్లల రక్తంలో సీసం ఎక్కువగా బయటపడిన ఊళ్లలో నేలనూ కిటికీ గట్లనూ తుడిచి ఆ ధూళిని ల్యాబుకు పంపుతారు. మీ ఊరు ఏ కోవలోదో మున్సిపాలిటీలో అడుగు. ఎగ్గొట్టినవాళ్లకు ముందు 30 రోజుల గడువిస్తారు, ఆ తరవాత వారానికి 1,000 డాలర్ల దాకా జరిమానా. నీ ఇల్లు కంటితో చూసే ఊళ్లోనే ఉన్నా, నా మాట విని ధూళి పరీక్ష చేయించు. కొత్త రంగు కొట్టిన కిటికీ కంటికి బాగానే కనిపిస్తుంది. పైన పటారం, లోన లొటారం.

స్యాండర్ మాత్రం వద్దు. సన్నటి ధూళిని కూడా పట్టే హెపా వాక్యూమ్ లేకుండా మిషనుతో గీకడం నిషేధం. గదిలో 6 చదరపు అడుగులు మించి పాత రంగును కదిలించినా, ఒక్క కిటికీ మార్చినా సీసం పనికి ధ్రువీకరణ ఉన్నవాళ్లే చేయాలి. అద్దె ఇల్లు గనక యజమాని తన చేతులతో చేసుకున్నా ఇదే నియమం. అల్లుడుగారికి పని మీద అంత సరదా ఉంటే శిక్షణ ఒక్క రోజే, వెళ్లి నేర్చుకుని ఆ ధ్రువీకరణ తీసుకోమను. నా మట్టుకు నేను గీకుడూ రంగూ మానేసి కిటికీలు మార్పించమంటాను. రెక్కా చట్రమూ రాసుకున్నంతకాలం పొడి రాలుతూనే ఉంటుంది.

ఇక రెండో మాట. పిల్లలున్నారని ఇల్లు ఇవ్వకపోవడం 1988లో చేసిన చట్టం ప్రకారం తప్పు. అది లాయరు చెబుతాడులే. నాకు బాధ కలిగింది వేరే. మనకు ముందు నలుగురు ఇంటివాళ్లు నిన్ను చంకలో చూసి 'ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశాం' అన్నారు. అందుకే ఆ కిటికీ ఉన్న ఇల్లే దిక్కయింది. ఆ ఐదో ఇంటివాడిలా ఉండొద్దని చెబుదామనుకుంటే నువ్వు మొదటి నలుగురిలా మాట్లాడావు. పైగా ఇవాళ జంటగా దిగినవాళ్లు ఏడాది తిరిగేసరికి ముగ్గురవుతారు, అప్పుడు ఖాళీ చేయిస్తావా?

మీరిద్దరూ పిల్లల సంగతి ఆలోచిస్తున్నారు కదా, డాక్టరుకు ఈ 14 సంగతి చెప్పు. సీసం ఎముకల్లో దాక్కుంటుంది, కడుపుతో ఉన్నప్పుడు కొంత మళ్లీ రక్తంలోకి రావచ్చు. భయపడాల్సిందేమీ లేకపోవచ్చు, చెప్పడం మాత్రం మరవకు.

కిటికీలకు ఎంతవుతుందో లెక్క పంపు. మీ నాన్న సగం ఇస్తామన్నారు. స్యాండర్ వద్దని దుకాణానికి ఫోను చేశారో లేదో సాయంత్రంలోగా నాకు చెప్పు.

మీ అమ్మ