డొమైన్ బదిలీ చేసుకుంటే ఉత్తరాలు ఆగిపోవాలా?

సంపాదకులకు నమస్కారం.

బెంగళూరు పీణ్య పారిశ్రామికవాడలో పంపులకు షాఫ్టులు, బుష్‌లు చేసిచ్చే చిన్న లేత్ షెడ్డు నాది. ఈ మధ్య మా సంస్థ డొమైన్ పేరును, అంటే వెబ్‌సైటుకూ మెయిలుకూ వాడే ఇంటర్నెట్ పేరును, ఒక రిజిస్ట్రార్ (అలాంటి పేర్లు నమోదు చేసే కంపెనీ) నుంచి మరొకరికి మార్చుకున్నాను. దాంతో దాదాపు వారం రోజులు మా వెబ్‌సైటు కనబడలేదు, మెయిళ్లు అందలేదు. కేవలం నా అజాగ్రత్త వల్ల జరిగిన నష్టమే అయితే మీ పత్రికలో చోటు అడిగేవాణ్ణి కాదు. బదిలీ సేవను అమ్మే కంపెనీలు డబ్బు కట్టించుకునే ముందు చెప్పి తీరవలసిన ఒక్క ముక్కను చెప్పడం లేదన్నదే నా ఫిర్యాదు. బదిలీలో మారేది ఆ పేరును ఎవరి దగ్గర నమోదు చేయించుకున్నామన్నది మాత్రమే. ఆ పేరును వెబ్‌సైటుకూ, మెయిలుకూ కలిపే రికార్డులు దాని వెంట రావు.

పాత కంపెనీ రెన్యువల్ రుసుము పెంచింది, కొత్త కంపెనీ తక్కువకు ఇస్తానంది, పైగా డాట్‌కామ్ పేరు బదిలీ అయితే గడువు ఏడాది పెరుగుతుంది. పేరు కదలకుండా వేసి ఉంచిన లాక్ తీయించి, బదిలీకి కావలసిన రహస్య కోడ్ (ఆథ్ కోడ్) తెచ్చుకుని, కొత్తవారి పేజీలో వేసి డబ్బు కట్టాను. అయిదు రోజులకు బదిలీ పూర్తయిందని మెయిలు వచ్చింది. మరునాడంతా ఏ ఇబ్బందీ లేదు. శనివారం పొద్దున మా వెబ్‌సైటు ఉండవలసిన చోట ఏమీ తెరుచుకోలేదు. సోమవారం హోసూరు నుంచి పాత ఖాతాదారు ఫోన్ చేసి, "ఏమన్నా, మీ మెయిలు తిరిగి వచ్చేస్తా ఉండాది, కంపెనీ మూసేసినారా?" అని అడిగేదాకా, రెండు రోజులుగా ఆర్డర్లు రాకపోవడానికి సెలవు రోజులే కారణమనుకుంటూ కూర్చున్నాను.

తర్వాత తెలిసినవారు ఓపికగా చెప్పగా నాకు అర్థమైనది ఇది. డొమైన్ బదిలీ అయినా దాని నేమ్‌సర్వర్లు, అంటే ఆ రికార్డులను ఉంచుకుని అడిగినవారికి చెప్పే సర్వర్లు, పాతవే ఉంటాయి. మాకు ఆ నేమ్‌సర్వర్లు పాత కంపెనీ ఉచితంగా ఇచ్చినవి. పేరు తన దగ్గర నుంచి వెళ్లిపోగానే ఆ కంపెనీ మా రికార్డులను తుడిచేసింది. ఒక రోజు అంతా సవ్యంగా ఉన్నట్టు కనిపించడానికి కారణం, లోకంలోని ఇతర సర్వర్లు మా పాత చిరునామాను కొన్ని గంటలపాటు గుర్తుపెట్టుకోవడమే. కొత్త కంపెనీ సహాయకుడు నేమ్‌సర్వర్లను తమవాటికి మార్చుకోమన్నాడు, మార్చాను. అక్కడ మా రికార్డులు ఒక్కటీ లేవు, కంపెనీవారి ప్రకటనల పేజీ మాత్రం ఉంది. పైగా డాట్‌కామ్ పేర్ల నేమ్‌సర్వర్ల వివరాన్ని ఇతర సర్వర్లు 48 గంటల వరకూ గుర్తుపెట్టుకుంటాయి కాబట్టి ఆ మార్పు కూడా అందరికీ ఒకేసారి చేరలేదు. మా షెడ్డులో ప్రకటనల పేజీ, హైదరాబాదులోని మా బంధువు ఇంట్లో ఖాళీ తెర.

వెబ్‌సైటు సంగతి ఎలా ఉన్నా నాకు ముఖ్యమైనవి మెయిళ్లు. డ్రాయింగులు, పర్చేజ్ ఆర్డర్లు వచ్చేది వాటిలోనే. మా మెయిలుపెట్టె వేరొక సంస్థ దగ్గర భద్రంగానే ఉంది, పాత ఉత్తరాలన్నీ ఉన్నాయి. దానికి దారి చూపే ఎంఎక్స్ రికార్డు మాత్రం లేదు. ఆ రికార్డు లేనప్పుడు పంపేవారి సర్వర్ నియమం ప్రకారం డొమైన్ మామూలు చిరునామాకే, అంటే వెబ్‌సైటు ఉండే చోటికే, ఉత్తరాన్ని తీసుకెళ్తుంది. మా విషయంలో అక్కడున్నది ప్రకటనల పేజీ, దానికి ఉత్తరం తీసుకునే ఏర్పాటే లేదు. ఇంటర్నెట్ మెయిలు ప్రమాణం కనీసం 4-5 రోజులు మళ్లీ మళ్లీ ప్రయత్నించమంటుంది కాబట్టి కొన్ని ఉత్తరాలు ఆలస్యంగానైనా చేరాయి. తిరిగి వెళ్లినవి ఎన్నో నాకు తెలిసే మార్గం లేదు.

ఎంఎక్స్ సరిచేశాక కూడా కథ ముగియలేదు. ఎస్‌పీఎఫ్, డీకిమ్ అనే మరో రెండు రికార్డులు ఉంటాయని, మా పేరుతో వెళ్లే మెయిలు నిజంగా మాదేనని చెప్పేవి అవేనని అప్పటిదాకా నేను వినలేదు. జీమెయిల్‌కు పంపేవారందరికీ 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్ వీటిలో కనీసం ఒకటైనా ఉండి తీరాలంటోంది. అవి లేకుండా నేను పంపిన కొటేషన్లు కొన్ని తిరిగొచ్చాయి, కొన్ని స్పామ్‌లో పడ్డాయి.

అన్నిటికన్నా చికాకు పెట్టింది ఇంకొకటి. కొత్త కంపెనీ ఖాతాలో రికార్డులు సరిచేయాలంటే ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ వచ్చేది ఇదే డొమైన్ మీద ఉన్న మెయిలుకు! తాళంచెవి పెట్టెలో పెట్టి పెట్టెకు తాళం వేసిన తెలివి నాదే, ఒప్పుకుంటాను. గుర్తింపు పత్రాలు పంపి, ఓటీపీని ఫోన్ నంబరుకు మార్పించుకోవడానికి ఒకటిన్నర రోజు పట్టింది. పాత కంపెనీకే తిరిగి వెళ్దామన్నా, బదిలీ అయిన పేరును సాధారణంగా 60 రోజుల వరకూ మళ్లీ కదలనివ్వరు.

రిజిస్ట్రార్లు చేయలేనంత పెద్ద పనేమీ నేను అడగడం లేదు. ఆథ్ కోడ్ ఇచ్చే పేజీలోనే, "మీ నేమ్‌సర్వర్లు మావి, బదిలీ తర్వాత ఇవి పనిచేయవు" అని పాత కంపెనీ రాయాలి, ఆ రికార్డుల ప్రతిని ఒక్క నొక్కుతో దింపుకోనివ్వాలి, బదిలీ అయ్యాక కనీసం వారం రోజులు వాటిని తుడిచేయకుండా ఉంచాలి. కొత్త కంపెనీ డబ్బు తీసుకునే ముందు, మెయిలు ఎక్కడ ఉందని ఒక్క ప్రశ్న అడగాలి. డాట్‌ఇన్ పేర్లను నడిపే నిక్సీ, తన కింద ఉన్న రిజిస్ట్రార్లకైనా దీన్ని నియమంగా పెడితే బాగుంటుంది. డాట్‌కామ్ విషయంలో ఆ మాట డొమైన్ పేర్ల వ్యవస్థను ప్రపంచవ్యాప్తంగా చూసే ఐకాన్ సంస్థ చెప్పాలి.

మీ వాణిజ్య పేజీలో ఈ రికార్డుల గురించి తెలుగులో ఒక వివరణ వేయవలసిందిగా కోరుతున్నాను. పీణ్యలోనూ, హోసూరులోనూ నాలాంటి తెలుగు షెడ్డు యజమానుల్లో చాలామందికి డొమైన్ ఖాతా ఎవరో వెబ్‌సైటు చేసిన కుర్రాడి పేరు మీదే ఉంది. నేమ్‌సర్వర్లు ఎవరివో వారిలో ఎందరు చెప్పగలరో నాకు అనుమానమే. పోయిన నెల వరకూ నేనూ చెప్పలేకపోయేవాణ్ణి.

ఇట్లు,
ఒక లేత్ షెడ్డు యజమాని,
పీణ్య, బెంగళూరు