ఒక్క నంబరు ఎంచుకుంటే హాజరూ మార్కులూ కలిసి కనబడేలా

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి సమావేశంలో క్లాస్ టీచర్ మీ ముందు రిజిస్టర్లు తిరగేయరు. కంప్యూటర్‌లో మీ బిడ్డ అడ్మిషన్ నంబరు నొక్కగానే నెలనెలా హాజరు, ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్షల మార్కులు, లైబ్రరీలో తీసుకున్న పుస్తకాలు అన్నీ ఒకేసారి మారి, ఆ బిడ్డవే కనబడతాయి.

జ్వరమొచ్చి వారం రోజులు బడికి రాని పిల్లవాడికి లెక్కల్లో మార్కులు తగ్గాయనుకోండి. హాజరూ మార్కులూ పక్కపక్కన ఉంటేనే అసలు సంగతి తెలుస్తుంది. శ్రద్ధ లేదని పిల్లవాణ్ని అనేముందు అది చూసి తీరాలి. ఈ పని మీద నాకింత పట్టుదల అందుకే.

కొత్తగా ఏదీ కొనలేదు, బడిలో ఉన్న ఎక్సెల్‌తోనే చేశాం. విద్యార్థుల పట్టికలో ఒక్కొక్కరికి ఒకే వరుస. హాజరు పట్టికలో అదే నంబరు రోజూ వస్తుంది, మార్కుల పట్టికలో సబ్జెక్టుకోసారి. ఆ రెండింటినీ, లైబ్రరీ పుస్తకాల పట్టికనూ డేటా మోడల్‌లో (పట్టికలను ఒకదానితో ఒకటి కలిపే ఎక్సెల్ ఏర్పాటు) విద్యార్థుల పట్టికకు కలిపాం. మీలో ఆఫీసుల్లో ఇలాంటి పనిచేసేవాళ్లకు ఒక్క మాట: స్లైసర్‌ను, అంటే నంబరు ఎంచుకునే బటన్ల పెట్టెను, విద్యార్థుల పట్టిక నుంచే తీసుకోవాలి. మార్కుల పట్టిక నుంచి తీస్తే మార్కులు మారతాయి గానీ, హాజరు మాత్రం బడి మొత్తానిదీ అలాగే ఉండిపోతుంది. స్లైసర్ వేటిని మార్చాలో చెప్పే రిపోర్ట్ కనెక్షన్స్‌లో అన్ని పివట్ టేబుళ్లకూ (వివరాలను కూడి చూపే పట్టికలు) టిక్ పెట్టడం మరవొద్దు. నెలల కోసం తేదీల పట్టిక ఒకటి విడిగా ఉంది.

పేరుతో కలపకపోవడానికి కారణం ఉంది. ఒకే తరగతిలో ఇద్దరు సాయికుమార్‌లు ఉంటారు, అందులో ఒకరి పేరు ఒకచోట విడదీసి, ఇంకోచోట కలిపి రాసి ఉంటుంది. నంబరుతో ఆ చిక్కు లేదు. కాకపోతే 0412 అని కొడితే ఎక్సెల్ ముందున్న సున్నా తీసేసి 412 చేస్తుంది. ఒక పట్టికలో అంకెగా, ఇంకోదాంట్లో అక్షరాలుగా ఉన్న నంబర్లు కలవవు. అందుకని అన్నిచోట్లా టెక్స్ట్‌గానే పెట్టాం.

ఈ ఫైలు వాట్సాప్ గ్రూపులో పెట్టమని కొందరు అడిగారు. పెట్టము. తెరమీద ఒక్కరి వివరాలే కనబడ్డా, వెనకాల పిల్లలందరివీ ఉంటాయి, ఫిల్టర్ తీసేస్తే బయటపడతాయి. మీ బిడ్డ పేజీ మాత్రం ప్రింటు తీసి ఇస్తాం.

సమావేశానికి ప్రోగ్రెస్ కార్డు వెంట తెచ్చుకోండి. దానిమీది అడ్మిషన్ నంబరు, సెక్షన్ తెరమీది వాటితో సరిపోకపోతే అక్కడికక్కడే టీచర్‌కు చెప్పండి, మీ ఎదుటే సరిచేస్తారు.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు