బడితోటకు మొక్కలు కాదు, గేటు తాళంచెవి ఇప్పించండి

డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి,

నమస్కారం. బడితోటలకు సాయం చేసేవాళ్లకు మన జిల్లాలో కొదవ లేదండి. చిక్కల్లా ఆ సాయం అదనుకు అందకపోవడమే. జూన్‌లో బడి తెరవగానే కడియం నర్సరీల నుంచి మొక్కలు దిగుతాయి, ఫొటోలవుతాయి. ఆ తర్వాత వానలకు మన నల్ల బంకమట్టిలో నీళ్లు నిలిచి, వేళ్లకు గాలాడక మునగ, బొప్పాయి, వంగ వడలిపోతాయి. నీళ్లు చాలలేదనుకుని ఇంకో బిందె పోసేవాళ్లూ ఉంటారు!

అందుకే వానలు ముదరకముందు మట్టి పని చేయించండి. అడుగు ఎత్తు, మూడడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న మడికి 30 ఘనపుటడుగుల మట్టి కావాలి. వెడల్పు మూడడుగులు దాటితే పిల్లల చేతులు నడిమికి అందవు, మడి తొక్కేస్తారు. మళ్ల మధ్య బోదెలు తీసి డ్రెయిన్ వైపు వాలు పెట్టాలి. ఆకుకూరలు దసరా సెలవుల తర్వాత వేస్తే మేలు. మడికి చెంచాడు తోటకూర గింజలు, గుప్పెడు పొడి ఇసుకతో కలిపి చల్లితే ఒక్కచోటే గుంపుగా మొలవవు. తుపాను హెచ్చరిక ఉంటే ఆగాలి. ఒక్క జడివానకే గింజ కొట్టుకుపోతుంది.

దాతలను డబ్బు కంటే సరుకు అడగడం నయం. కొబ్బరి పొట్టు, మాగిన పశువుల ఎరువు, కంచెకు రొయ్యల చెరువుల పాత వలలు ఇక్కడ అడిగితే దొరికేవే. అయితే పచ్చి పొట్టు నేరుగా కలపకూడదు. అది కుళ్లేటప్పుడు మట్టిలోని నత్రజనిని లాగేసుకుంటుంది, మొక్కలు పసుపెక్కుతాయి. ఉప్పునీట నానిన పీచు పొట్టయితే లవణం కూడా తోడవుతుంది. మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, పేడ కలిపి, తడి ఆరనివ్వకుండా నల్లబడేదాకా మాగబెట్టాలి. పేడకుప్పను మూల పడేసి మరిచిపోతే అందులో కొమ్ము పురుగు పెరిగి పక్క తోటలో కొబ్బరి మొవ్వులు తొలిచేస్తుంది. ఆ రైతు మళ్లీ ఎరువిస్తాడా? నెలకోసారి కుప్ప తిరగేసి, తెల్లటి లావుపాటి పిల్లపురుగులను ఏరేయించాలి. వచ్చిన సరుకును విద్యా కమిటీ రిజిస్టర్‌లో రాసి, దాతకు రసీదు ఇచ్చేలా ఒక్క ఉత్తర్వు చాలు.

అల్లవరం, ఉప్పలగుప్తం వంటి తీర మండలాల్లో ముందు బోరు నీళ్లు పరీక్ష చేయించండి. ఉప్పదనం ఉంటే చిక్కుడు నిలవదు, పాలకూర కొంత ఓర్చుకుంటుంది.

తోటలను కిలోల లెక్కన తూచొద్దని మరో మనవి. డొక్కా సీతమ్మ గారి పేరిట వడ్డించే బడి భోజనంలో ప్రాథమిక తరగతుల పిల్లవాడికి రోజుకు 50 గ్రాముల కూరగాయలు ఉండాలి. 60 మందికి 3 కిలోలు. ఒక మడి ఒక్క కోతలో ఇచ్చేది ఇంచుమించు అంతే, ఒక్కపూటకు సరి. తోట ఉన్నది పాఠానికి.

అసలు సంగతి వేసవి. బడికి తాళం పడుతుంది, కాలువలూ కట్టేస్తారు. నీళ్లు పోయడానికి మనుషులున్నా గేటు దాటి లోపలికి వెళ్లే వీల్లేదు, తాళంచెవి ఎవరి పూచీ మీద ఇవ్వాలన్నది హెడ్మాస్టర్ల భయం. ఊరికి ఇద్దరు స్వచ్ఛంద కార్యకర్తల పేర్లు విద్యా కమిటీ తీర్మానంలో రాసి, తాళంచెవి, మోటారు స్విచ్ వాళ్లకు అప్పగించేలా సెలవులకు ముందే రాతపూర్వకంగా ఆదేశించండి. ముందుగా చేతిపంపు పనిచేస్తున్న బడులతో మొదలుపెట్టినా సరే.

ఇట్లు,
బడితోటల్లో పనిచేస్తున్న స్వచ్ఛంద కార్యకర్తలు, కోనసీమ