భుజం నొప్పి అని చెబితే లేన్ పోకూడదు: క్రీడా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నిరుడు ఆగస్టులో ఒక ఉదయం, ఈత పోటీలకు సాధన చేస్తున్న పద్నాలుగేళ్ల నా కూతురు బడికి తయారవుతూ దువ్వెన నా చేతికిచ్చి జడ వేయమంది. ఐదో తరగతి నుంచి తన జడ తానే వేసుకునే పిల్ల. ఏమైందని అడిగితే కుడి చెయ్యి తల వెనక్కి పోవడం లేదని చెప్పి, ఆ మాట కోచ్ గారి దాకా వెళ్లనివ్వవద్దని బతిమాలింది. ఈత సంచి తీసి చూస్తే తువ్వాలు కింద సగానికి పైగా వాడేసిన నొప్పి స్ప్రే డబ్బా కనిపించింది. మూడు నెలలుగా దాస్తోందట. నొప్పి అని చెప్పిన పిల్లలను చివరి లేన్‌కు పంపడమూ, వాళ్లు కోలుకునేసరికి ఆ చోటులో మరొకరు ఉండడమూ తను కళ్లారా చూసింది. ఆ భయం గురించే మీకు ఈ లేఖ రాస్తున్నాను.

యాభై మీటర్ల కొలను ఒక చివరి నుంచి మరో చివరికి చేరడానికి మా అమ్మాయి రెండు చేతులూ కలిపి దాదాపు 40 సార్లు వేస్తుంది. రోజుకు 5 కిలోమీటర్ల సాధన అంటే అలాంటివి 100. ఆ లెక్కన ఒక్కో భుజం రోజుకు 2,000 సార్లు, ఆరు రోజుల వారంలో 12,000 సార్లు తల మీదుగా తిరుగుతుంది. భుజం కీలు లోతు తక్కువ గిన్నెలో నిలిపిన బంతి వంటిది, దాన్ని కదలకుండా పట్టి ఉంచవలసింది చుట్టూ ఉన్న కండరాలే. అవి అలసిపోయినప్పుడు బంతి కాస్త పైకి జరిగి, పైఎముక కింద టెండన్ (కండరాన్ని ఎముకకు కలిపే నరంలాంటి పట్టీ) ఒరుసుకుని వాస్తుంది. వైద్యులు దీన్ని ఈతగాళ్ల భుజం అనే పిలుస్తారు. ఈతలో మరో రెండు పద్ధతులైన బ్రెస్ట్‌స్ట్రోక్ (కప్పలా కాళ్లు తన్నేది) ఈదేవారికి మోకాలి లోపలివైపు, బటర్‌ఫ్లై (రెండు చేతులూ ఒకేసారి వేసేది) ఈదేవారికి నడుము ఇలాగే దెబ్బతింటాయి. కింద పడి తగిలిన గాయాలు కావు గనుకా, ఎక్స్‌రేలో చాలాసార్లు ఏమీ కనిపించదు గనుకా, పిల్ల బద్ధకిస్తోందని పెద్దలు తేలిగ్గా అనేస్తారు. ఆ మాట మొదట్లో నేనూ అన్నాను, ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఫిజియోథెరపిస్టు ఆమెను నీళ్లకు దూరం చేయలేదు. నీళ్లపై తేలే పలక పట్టుకుని చేతులు చాచినా భుజం నలుగుతుంది కాబట్టి, స్నార్కెల్ (తల ఎత్తకుండానే ఊపిరి తీసుకునే గొట్టం) పెట్టుకుని చేతులు పక్కనే ఉంచి కాళ్లతో మాత్రమే ఈదమన్నారు. ఇంట్లో తలుపు పిడికి రబ్బరు బ్యాండు కట్టి, రోజూ రెండు పూటలా వీపు కండరాలకు వ్యాయామం చేసేది. ఆరో వారంలో చేతులతో 400 మీటర్లు, నొప్పి లేకపోతేనే మరుసటి వారం మరికొంత. అలా ఐదు నెలలు పట్టింది. ఈలోగా హాజరు తగ్గిందని తను సాధన చేసే చోట పై బ్యాచ్ నుంచి పేరు తీసేశారు. వైద్యుడి చీటీ చూపిస్తే, అలాంటి నియమమేదీ లేదన్నారు. కోచ్ గారిని నేను తప్పు పట్టను, నలభై మంది పిల్లలను ఆయన ఒక్కరే చూసుకోవాలి.

కేరళ ఈతగాడు సాజన్ ప్రకాశ్ మెడలో డిస్కు జారి, 2020లో లాక్‌డౌన్ వల్ల థాయిలాండ్‌లో చిక్కుకుపోయి, చెయ్యి సరిగా సహకరించని స్థితి నుంచి లేచి వచ్చారు. 2021 జూన్ 26న రోమ్‌లో 200 మీటర్ల బటర్‌ఫ్లైని 1 నిమిషం 56.38 సెకన్లలో ముగించి, ఒలింపిక్స్‌కు నేరుగా అర్హత ఇచ్చే 1:56.48 ప్రమాణాన్ని దాటిన తొలి భారతీయుడయ్యారు. ఆ పట్టుదలకు చేతులెత్తి మొక్కాలి. అయితే అప్పటికే ఆయన 2016 రియో ఒలింపిక్స్‌లో ఈది వచ్చినవారు, కేరళ పోలీసు శాఖలో ఉద్యోగి, కోలుకునే దాకా నమ్మి వెంట నిలిచిన కోచ్ ప్రదీప్ కుమార్ గారు ఉన్నారు. జిల్లా పోటీల దగ్గరే భుజం పట్టేసిన పిల్ల కోసం ఎవరు ఆగుతారు?

2002 జాతీయ క్రీడల కోసం కట్టిన గచ్చిబౌలి కొలను మనకుంది, ఆ తర్వాత అంతర్జాతీయ పోటీలకూ హైదరాబాద్ ఆతిథ్యమిచ్చింది. కనుక నేను కొత్త కట్టడం అడగడం లేదు. పోటీలకు పిల్లలను తయారుచేసే ప్రతి ప్రభుత్వ కొలనుకూ వారానికి కనీసం రెండు రోజులు ఫిజియోథెరపిస్టు రావాలి. వైద్యుడు ధ్రువీకరించిన గాయంతో చికిత్సలో ఉన్న పిల్లల బ్యాచ్, హాస్టల్ సీటు, ఉపకార వేతనం ఆరు నెలల వరకు కదపకూడదని, ఆ రోజులను గైర్హాజరుగా లెక్కించకూడదని ఒక ఉత్తర్వు రావాలి. ప్రైవేటు అకాడమీలకు కూడా, ప్రభుత్వ కొలనులను వాడుకునేటప్పుడు, ఇదే షరతు పెట్టండి. ఏప్రిల్‌లో వేసవి శిబిరాలు మొదలై వందల మంది కొత్త పిల్లలు నీళ్లలోకి దిగేలోపు ఆ ఉత్తర్వు వెలువడేలా చూడాలని కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక ఈత క్రీడాకారిణి తల్లి,
హైదరాబాద్