గాలిమరలు వానను ఆపవు, కానీ అడగాల్సినవి వేరే ఉన్నాయి

సంపాదకుల వారికి,

పదకొండేళ్లుగా గాలిమరల మరమ్మతు పని చేస్తున్నాను. టవర్ లోపలి నిచ్చెన ఎక్కి గేర్‌బాక్సు ఆయిల్ చూసి, బోల్టులు బిగించి కిందికి దిగేసరికి ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. "ఇవి తిరుగుతుంటే మబ్బులు చెదిరిపోతాయంట కదా?" అని అడుగుతారు. వాన తప్పిన ఏడాది ఆ మాటలో కోపం కూడా వినిపిస్తుంది. ఎండిన చేను చూసుకుని అడిగే మనిషికి విసుగ్గా జవాబు చెప్పలేం. అందుకే ఈ ఉత్తరం.

మర ఫ్యాన్‌లా కనిపిస్తుంది కాబట్టి గాలిని తోస్తుందనుకుంటారు. నిజానికి గాలే దాన్ని తోస్తుంది. గాలిలోని శక్తిలో 59.3 శాతానికి మించి ఏ మరా తీసుకోలేదని జర్మన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బెట్జ్ ఎప్పుడో లెక్క కట్టాడు. ఊళ్ల దగ్గర పెట్టే పెద్ద మర రెక్క కొస కూడా మామూలుగా నేల నుంచి రెండు వందల యాభై మీటర్ల లోపే ఉంటుంది. వాన మబ్బు కిలోమీటర్ల ఎత్తుకు పెరుగుతుంది. దాన్ని చెదరగొట్టే బలం మరకు లేదు. రాత్రిపూట పైనున్న వెచ్చటి గాలిని కిందికి కలిపి, చుట్టుపక్కల నేలను కాస్త వెచ్చబరచడం మాత్రం నిజం. టెక్సస్‌లో ఉపగ్రహాలు దాన్ని గమనించాయి. అది ఉన్న వేడి కలవడమే, కొత్తగా పుట్టిన వేడి కాదు.

తిరిగే రెక్కల నీడ మినుకుమినుకుమంటూ మీద పడితే మూర్ఛ వస్తుందన్న భయమూ ఉంది. పెద్ద మర నిమిషానికి పదిహేను చుట్లు తిరిగితే, మూడు రెక్కల నీడ 45 సార్లు పడుతుంది. అంటే సెకనుకు ఒకసారి కూడా కాదు. మూర్ఛ తెప్పించే మినుకులు సాధారణంగా సెకనుకు మూడుకు పైనే ఉంటాయి. ఇక చప్పుడు సంగతి. కెనడా ఆరోగ్య శాఖ 1,200కు పైగా ఇళ్ల వాళ్లను అడిగి 2014లో ఫలితాలు చెప్పింది. మరల చప్పుడుకూ జబ్బులకూ, నిద్ర చెడటానికీ సంబంధం కనపడలేదు. కానీ చప్పుడు పెరిగేకొద్దీ జనానికి చిరాకు పెరిగింది. ఆ రెండో ముక్కను మా రంగంలో వాళ్లు చెప్పకుండా దాటేస్తుంటారు. నాకది నచ్చదు.

ఒకచోట ఒక పెద్దావిడ రాత్రంతా ఈల వినిపిస్తోందని నెలల తరబడి మొత్తుకుంది. వాన రాదనేవాళ్లతో కలిపి ఆవిడ మాటనూ పుకారు కిందే జమకట్టారు. చివరికి మేం తాడు మీద వేలాడుతూ చూస్తే రెక్క అంచు చీలి ఉంది. ఈల అక్కడి నుంచే. అంచు బాగుచేశాక ఆగిపోయింది. "నేను చెప్తే ఎవరూ నమ్మలేదు బాబూ" అందావిడ. ఆ మాట నన్నింకా వదల్లేదు.

పుకార్ల మీద నాకు బాధ అందుకే. వాన గురించి గొడవ పడుతుంటే అసలు ప్రశ్నలు పక్కకు పోతాయి. టవర్ల కింద చచ్చిపడిన గబ్బిలాలను నా చేతులతో ఏరాను. గాలి తక్కువగా ఉన్న రాత్రుల్లో, గాలి ఇంకాస్త పెరిగేదాకా మరను తిరగనివ్వకపోతే ఆ చావులు బాగా తగ్గుతాయి, పోయే కరెంటు కొంచెమే. నార్వేలోని స్మోలా దీవిలో నాలుగు మరల్లో, మరకు ఒక రెక్క చొప్పున నల్లరంగు వేసి చూస్తే, పక్షుల చావులు సుమారు 70 శాతం తగ్గాయి. అది చిన్న ప్రయోగమే, అయినా ఇంకా చాలాచోట్ల చేసి చూడాల్సింది.

మీ దగ్గర మరలు పెడతామని ఎవరైనా వస్తే, ఇంటికి ఎంత దూరమో, రాత్రి ఎన్ని డెసిబెల్స్ చప్పుడో, నీడ ఏ కిటికీ మీద ఏ వేళ పడుతుందో కాగితం మీద అడగండి. సూర్యుడి లెక్క ముందే తెలుస్తుంది కాబట్టి, ఆ కాసేపు మర ఆపవచ్చు. ఇరవై, పాతికేళ్ల తర్వాత దాన్ని ఎవరు విప్పుతారో, ఆ డబ్బు ఇప్పుడే పక్కన పెట్టారో లేదో కూడా అడగండి. టవర్ ఉక్కును కరిగించి మళ్లీ వాడతారు. ఫైబర్ రెక్కలకు మాత్రం ఇంకా సరైన దారి దొరకలేదు, చాలాచోట్ల మట్టిలోనే పూడుస్తున్నారు.

ఇట్లు,
ఒక గాలిమరల టెక్నీషియన్